ఆరిన్ బండి ముందు బ్రేకులు

కాల్డర్ అనే మా కొండ ఊళ్లో మగవాళ్లు ఒకరి ఒంటి సంగతి ఒకరు అడగరు. బండి సంగతి అడుగుతారు. "బండెలా ఉంది?" అంటే "పర్లేదు, పొద్దున్నే కాస్త మొరాయిస్తోంది" అని జవాబొస్తుంది. కొడుకు ఇల్లు వదిలిపోయిందీ, పెళ్లాం మాట్లాడటం మానేసిందీ, రాత్రుళ్లు నిద్ర పట్టనిదీ అన్నీ అందులోనే ఇమిడి ఉంటాయి. హబ్ స్టాన్సిల్ గుండెపోటుతో పదకొండు రోజులు ఆస్పత్రిలో పడుండి తిరిగొచ్చినప్పుడు, ఊరి హోటల్లో మగవాళ్లు చేరే కాఫీ బల్ల దగ్గర అతన్ని అడిగిన మొదటి ప్రశ్న "ఇన్నాళ్లు కదల్చలేదుగా, బ్యాటరీ చచ్చిందా?" అని. హబ్ కళ్లలో నీళ్లు తిరిగాయంటారు చూసినవాళ్లు. ఇంతమంది తన బాగోగులు కనుక్కుంటారని అతను అనుకోలేదట.

అలాంటి ఊళ్లో ఆరిన్ లుండ్‌క్విస్ట్‌కు కుడికాలు చెడింది. కాలు చెడితే ఎవరితో ఎలా చెప్పాలో అతనికి తెలియదు. బ్రేకులు చెడితే ఎలా చెప్పాలో తెలుసు.

ఆరిన్‌కు అప్పటికి యాభై ఏడేళ్లు. కౌంటీ రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడిపి, నడుం నొప్పితో ముందే రిటైరైనవాడు. భార్య వెర్నా బడి వంటగదిలో పనిచేస్తుంది. పిల్లలు లేరు. మార్మట్ కనుమ మీద ఎవరి బండి ఇరుసు విరిగినా, ఎవరైనా దారి తప్పి రాళ్లలో ఇరుక్కుపోయినా, షెరీఫ్ ఆఫీసులో ఆర్డిత్ ఫోన్ ఎత్తి మొదట పిలిచేది ఆరిన్‌నే. ఇరవై రెండేళ్లుగా ఆ జాబితాలో మొదటి పేరు అతనిది. దానికి జీతం లేదు, బిళ్ల లేదు, టోపీ లేదు. కానీ ఆ పేరు అక్కడ ఉన్నందుకే ఆరిన్ పొద్దున లేచి గడ్డం గీసుకునేవాడు.

అతని ట్రక్కు వయసులో అతనికంటే కాస్త చిన్నది. దాని ముందు ఇరుసు ఎప్పుడో తీసి పారేసి, తుక్కు దుకాణంలో ఒక టన్ను మోసే బండి కింద దొరికిన మోటు ఇరుసును తెచ్చి తనే బిగించుకున్నాడు. ముప్పై ఏడంగుళాల టైర్లు వేశాడు. అది రాతిమెట్లు కూడా ఎక్కుతుంది. ఎక్కడం గొప్ప కాదు, దిగడమే గొప్ప అని కొత్తవాళ్లకు పాఠం చెప్పేవాడు కూడా ఆరినే.

చలికాలమంతా మంచుకు మూసి ఉంచే కనుమ గేటును జూన్ మొదటివారంలో తీశారు. మంచు ఎంత కరిగిందో చూద్దామని పైదాకా పోయి దిగుతున్నాడు. జడపిన్నులా వంగిన మూడో మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు. ఆగాల్సిన చోట బండి ఆగలేదు. ఇంకో రెండు బారలు పోయి, అంచున ఉన్న రాయిని ముద్దుపెట్టుకుని ఆగింది. కింద ఎనిమిది వందల అడుగుల గాలి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. బ్రేకులు పోయాయి అన్నది మొదటి ఆలోచన. రెండో ఆలోచన తలుపు తట్టేలోపే దానికి గడియ పెట్టేశాడు.

తిన్నగా టియో షాపుకు వచ్చాడు. టియో ఆర్చులేటా ఇరుసుల పనివాడు. తాత గనిలో బళ్లు బాగుచేశాడు, తండ్రి అడవి దుంగల లారీలు బాగుచేశాడు, ఇతను మిగిలినవన్నీ బాగుచేస్తాడు. ఆరిన్‌కు ముప్పై ఏళ్ల స్నేహితుడు. కనుమ మీదికి పోవాల్సిన జాబితాలో రెండో పేరు కూడా అతనిదే.

"ముందు బ్రేకులు పట్టట్లేదురా" అన్నాడు ఆరిన్.

"ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

"ఎక్కేటప్పుడు బ్రేకులు తొక్కడానికి నేనేమన్నా మీ నాన్ననా?"

"మా నాన్నని అనకు. ఆయన దిగేటప్పుడు కూడా తొక్కేవాడు కాదు, అందుకే తొందరగా పోయాడు" అంటూ టియో చక్రం ఊడదీశాడు.

ప్యాడ్లు చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దాడు. ముప్పావు వంతు మందం అలాగే ఉంది. డిస్కు మీద ఎక్కడా నీలం మచ్చ లేదు. కొండ దిగేటప్పుడు బలంగా తొక్కిన బ్రేకుకు వేడి తగిలి మచ్చలు పడతాయి, ప్యాడు అంచులు మాడతాయి, వాసనొస్తుంది. ఇవి ఆదివారం చర్చికి పోయొచ్చిన బ్రేకుల్లా ఉన్నాయి. టియో తలెత్తి చూశాడు. ఆరిన్ పని బల్లకు ఆనుకుని, బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడున్నాడు.

"ప్యాడ్లు బాగానే ఉన్నాయే."

"చూడ్డానికి అలాగే ఉంటాయి. లోపల గట్టిపడిపోయుంటాయి. పైగా పెద్ద టైర్లు. పెద్ద టైరుకు పాత బ్రేకు చాలదని నువ్వే అంటావుగా."

"అంటాను. ఆ టైర్లేసి తొమ్మిదేళ్లయింది."

"అయితే?"

టియో కాసేపు ప్యాడు వంక చూశాడు. "ఏం లేదు. హోస్ పైపులు కూడా మార్చేద్దాం. పాత రబ్బరు ఉబ్బుతుంది" అన్నాడు.

అన్నీ మార్చాడు. పాత బ్రేకాయిల్ తీసి కొత్తది పోసి, పైపుల్లో చేరిన గాలి తీశాడు. తీసిన ప్యాడ్లను మాత్రం తుక్కులో వెయ్యకుండా అరలో పెట్టుకున్నాడు.

జులై నాలుగున, దేశ స్వాతంత్ర్య దినాన, ఊరేగింపు. ప్రతి ఏడూ ఆరిన్ ట్రక్కు దాంట్లో ఉంటుంది, అంతకుముందు రోజు వెర్నా దాన్ని కడుగుతుంది. ఆ ఏడు దాని ముందు లూథరన్ చర్చి ఆడవాళ్ల బండి నడుస్తోంది. రెండు పొట్టి గుర్రాలు, గడ్డిమోపులు, మధ్యలో బల్ల, బల్ల మీద చెర్రీపండ్లు కూరి కాల్చిన నాలుగు పైలు, వాటి పక్కన నిలబడి గున్నర్‌సన్ గారి భార్య. పోస్టాఫీసు ముందు ఊరేగింపు ఆగింది. ఆరిన్ ట్రక్కు ఆగలేదు. నడకకంటే తక్కువ వేగంతో, ఎంతో మర్యాదగా పోయి ఆ బండిని వెనక నుంచి తోసింది. గుర్రాలు రెండడుగులు వేశాయి. గున్నర్‌సన్ గారి భార్య వేయలేదు, కూర్చుంది. చెర్రీ పై మీద కూర్చుంది.

ఊరు ఊరంతా నవ్వింది. "ఆరిన్, బ్రేకులు చూపించుకోవయ్యా" అని పక్కనుంచి ఎవరో అరిచారు. ఆరిన్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. తెల్ల గౌను వెనక ఎర్రటి మరకతో ఆవిడ కూడా నవ్వింది. నవ్వనిది ఇద్దరే. పేవ్‌మెంటు మీద మడత కుర్చీలో వెర్నా, ఆవిడకు నాలుగు కుర్చీల అవతల టియో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చూసుకున్నాం అని ఆ తర్వాత ఎప్పుడూ చెప్పుకోలేదు.

వెర్నాకు అప్పటికే చాలా తెలుసు. మార్చిలో అతని కుడి బూటు ముక్కు ఎడమదానికంటే అరిగిపోయిందని చూసింది. నడిచేటప్పుడు ఆ పాదం నేలను రాస్తోంది. మెట్లెక్కేటప్పుడు అతను చేత్తో పంట్లాం పట్టుకుని మోకాలు ఎత్తుకోవడం చూసింది. చర్చి విందులో గ్రేవీ గిన్నెతో సహా తూలిపడి "ఈ గచ్చు తుడిచినవాడెవడు?" అని కేకలేయడం చూసింది. ఇంటికొచ్చి నడవాలోని తివాచీలు మడిచి అటక మీద పెట్టేసింది. "తివాచీలేవి?" అంటే "దుమ్ము" అంది. ఆవిడ నోరెత్తకపోవడానికి కారణం ఉంది. వాళ్ల నాన్న చేతిలోంచి కారు తాళాలు లాక్కున్నది ఆవిడే. ఆయన ఆ చలికాలం దాటలేదు. ముసలాయన చావుకు తాళాలు కారణం కాదని డాక్టరు చెప్పాడు. డాక్టరు మాట ఎవడిక్కావాలి.

ఊరేగింపు మర్నాటి నుంచి వంటింటి బల్ల నిండా విడిభాగాల పుస్తకాలు పరుచుకున్నాయి. ఆరిన్ కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, రూళ్లకర్ర పెట్టి ఒక్కొక్క లైనూ చదువుతున్నాడు.

"మూడు దారులున్నాయి" అన్నాడు వెర్నాతో. "పెద్ద డిస్కు వేయొచ్చు. వేస్తే ఈ పదహారంగుళాల రిమ్ములో పట్టదు, పదిహేడువి కొనాలి, వాటికి టైర్లు. రెండోది, ఇదే డిస్కు ఉంచి, దాన్ని రెండు పిస్టన్లతో నొక్కే కాలిపర్లు. వాటికి ఆయిల్ ఎక్కువ కావాలి కాబట్టి పెడల్ వెనక ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ పెద్దది పెట్టాలి. మూడోది, స్టీరింగు పంపు నుంచి బలం తీసుకుని తొక్కే బూస్టర్. వేలు పెడితే చాలు, ఆగిపోతుంది."

"మూడోది బాగుంది" అంది వెర్నా బంగాళాదుంపలు చెక్కుతూ.

"అది డాబు బళ్లవాళ్లు పెట్టుకునేది."

"వేలు పెడితే ఆగడంలో డాబేముంది?"

"నీకు తెలీదులే."

ఆవిడకు తెలుసు. కత్తి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది.

కాఫీ బల్ల దగ్గర ఈ ముచ్చట వారం రోజులు నడిచింది. ఒక్కొక్కడూ ఒక్కో ఇంజనీరు.

"ముందు బ్రేకులు మరీ వాడిగా ఉంటే దిగుడులో వెనకభాగం తేలిపోతుంది" అన్నాడొకడు.

"నీ బండి వెనకభాగం చర్చి మెట్ల మీద కూడా తేలుతుంది" అన్నాడు ఇంకొకడు.

హబ్ స్టాన్సిల్ కప్పు కింద పెట్టి తీర్పు చెప్పాడు. "పెడల్ రాయిలా ఉండాలి. కాలికి ఎదురు తన్నాలి. మెత్తటి పెడల్ మీద పాదం పెడితే నాకు బురదలో దిగినట్టుంటుంది. బూస్టర్ అంటావా, అది మా అత్తగారికి పెట్టించాను."

అందరూ నవ్వారు. ఆరిన్ కూడా నవ్వాడు. మధ్యాహ్నం టియో దగ్గరికి పోయి "రెండు పిస్టన్లవి. మాస్టర్ సిలిండర్ పెద్దది" అన్నాడు.

టియో చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు. "సిలిండర్ పెద్దదైతే పెడల్ గట్టిపడుతుంది. అంతే పట్టుకు ఇంకా బలంగా తొక్కాలి."

"తొక్కుతా."

"బూస్టర్ పెడితే..."

"అమ్మటానికి ఏమీ లేకపోతే మీ ఇంటి మొక్కజొన్న టమేల్స్ అమ్ముకో. నాకు కావాల్సింది చెప్పాను."

కనుమ దారి తిరిగేవాళ్లు మాత్రమే చేసే తప్పు ఇది. ఇంకో ఊళ్లో అయితే కాల్లో బలం తగ్గినవాడు తేలిక పెడల్ కొనుక్కుంటాడు. మా ఆరిన్ చచ్చుబడుతున్న కాలికి రాయిలాంటి పెడల్ కొని పెట్టుకున్నాడు, నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుందని.

చెప్పుకున్నాడు కూడా. రెండు వారాలు. ఆ తర్వాత షాపు ముందు బండి ఆపబోయి టియో చెత్తడబ్బాను పడగొట్టి దిగాడు.

"ఇంకా పట్టట్లేదు. నువ్వు గాలి సరిగా తియ్యలేదు."

టియో తనే ఎక్కి కూర్చున్నాడు. ఆరిన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరవతల మట్టిరోడ్డు మీద వేగం అందుకుని ఒక్కసారి తొక్కాడు. నాలుగు చక్రాలూ బిగుసుకుపోయాయి. ఆరిన్ చేతులు ముందుకు పెట్టుకోకపోతే ముక్కు అద్దానికి తగిలేది. దుమ్ము వెనక నుంచి వచ్చి వాళ్లని దాటి ముందుకు పోయింది.

"నాకు ఆగింది" అన్నాడు టియో.

ఆరిన్ పక్క కిటికీలోంచి కంచె వంక చూస్తున్నాడు. టియో స్టీరింగు మీది దుమ్ము వేలితో గీశాడు. అడిగితే ఇప్పుడే అడగాలి. అతను అడిగింది ఇది:

"బూటు మార్చి చూశావా? ఈ అడుగు బాగా మందం. పెడల్ తెలీదు."

"అవును. బూటే అయ్యుండొచ్చు" అన్నాడు ఆరిన్ గబుక్కున.

"అయితే ఒక పని చేస్తాను. పాత బండి నుంచి తీసిన బూస్టర్ ఒకటి పడుంది. ఎవరికీ చెప్పకు. నాకూ అది ఎలా పనిచేస్తుందో చూడాలనుంది."

"నీ ప్రయోగాలకు నా బండి దొరికింది."

"దొరికింది."

ఆగస్టులో టియో మూడు రోజులు ఆ బండి కిందే పడుకున్నాడు. బూస్టర్ పెట్టాడు. మాస్టర్ సిలిండర్ తీసి చిన్నది వేశాడు. పెడల్‌ను నేలకు ఇంకాస్త దగ్గరగా వంచి, దాని రేకును వెడల్పు చేసి, పాదం జారకుండా గరుకు రబ్బరు అతికించాడు. అడక్కుండానే చేశాడు. ఇవన్నీ ఎవరి కోసం ఎందుకు చేస్తున్నాడో ఇద్దరికీ తెలుసు. కొత్త రబ్బరు చూసి ఆరిన్ "ముద్దొస్తోంది" అన్నాడంతే.

ఆ నెలంతా ఆరిన్ కొత్త పెళ్లికొడుకులా తిరిగాడు. పాదం ఆనిస్తే చాలు, బండి నమ్మిన కుక్కలా ఆగుతోంది. "చూశావా, బ్రేకే" అన్నాడు వెర్నాతో. వెర్నా "మంచిది" అంది. హబ్ దగ్గర మాత్రం బూస్టర్ మాట ఎత్తలేదు. పెడల్ రాయిలా ఉందని చెప్పాడు. ఆ నెలలో రెండుసార్లు కనుమ మీద నుంచి మనుషుల్ని దింపుకొచ్చాడు. రెండోసారి వెనక సీట్లో నాలుగేళ్ల పాప కూడా ఉంది. ఆ సంగతి తర్వాత ఎన్నోసార్లు అతనికి గుర్తొచ్చేది, గుర్తొచ్చినప్పుడల్లా లేచి నీళ్లు తాగేవాడు.

ఎందుకంటే పాదం ఆనించడానికైనా ముందు దాన్ని ఎత్తాలి. దానికి పనికొచ్చే విడిభాగం ఏ పుస్తకంలోనూ లేదు.

సెప్టెంబరు రెండోవారంలో ఆర్డిత్ ఫోన్ చేసింది. నగరం నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాల జీపు కనుమకు కాస్త ఇవతల నిలిచిపోయింది, ముందు ఇరుసులో ఏదో విరిగింది. ఆరిన్ టియోను ఎక్కించుకున్నాడు. పైకి పోయారు. విరిగింది ఇరుసు కాదు, దాని కీలు. టియో గంటన్నరలో విరిగినదాన్ని ఊడబీకి, వెనక చక్రాలతోనే జాగ్రత్తగా దిగమని చెప్పాడు. జీపును భార్య నడుపుతోంది. ముందు వాళ్లు, వెనక వీళ్లు, దిగడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం మూడు దాటింది. ఆస్పెన్ చెట్ల ఆకులు అప్పుడే పసుపెక్కుతున్నాయి. టియో కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, తలుపు మీద వేళ్లతో దరువేస్తూ, వాళ్లావిడ రాత్రికి చేస్తానన్న పచ్చిమిరపకాయల పంది పులుసు గురించి చెబుతున్నాడు.

నాలుగో మలుపు దాటాక కాస్త దూరం సమంగా ఉంటుంది. అక్కడ ఆరిన్ యాక్సిలరేటరు కొంచెం తొక్కాడు. తర్వాతి మలుపు తిరగ్గానే జీపు ఆగి ఉంది. ఎదురుగా ఎవరో మోటార్ సైకిల్ వాడికి దారివ్వడానికి ఆగారు. వంద అడుగులు ఉంటుంది. ఎవరైనా ఆపేయగల దూరం.

ఆరిన్ పాదం ఎత్తాడు. ఎత్తాననుకున్నాడు. బూటు ముక్కు పైకి లేవలేదు, పక్కకు జరిగి బ్రేకు పెడల్ కిందికి దూరి ఇరుక్కుంది. మడమ బరువంతా యాక్సిలరేటరు మీదే ఉంది. ఇంజను గొంతు పెంచింది.

"ఆరిన్" అన్నాడు టియో.

"తీస్తున్నా."

"తియ్యట్లేదు."

జీపు వెనక అద్దంలోంచి భర్త వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఎడమవైపు లోయ. ఆరిన్ ఇంకేమీ ఆలోచించలేదు. ఆ ఒక్క విషయంలో ఇరవై రెండేళ్ల అలవాటు పనికొచ్చింది. స్టీరింగును కుడివైపుకు, కొండ మీదికి తిప్పేశాడు. అదే క్షణంలో టియో ఎడమచేత్తో తాళం తిప్పి ఇంజను ఆపాడు. ట్రక్కు కుడి పక్క మొత్తం రాతిగోడను ఒరుసుకుంటూ పోయి, జీపుకు మూడు బారల దూరంలో ఆగింది. టియో కుడిచెయ్యి ఇంకా కిటికీ బయటే ఉంది.

అరుపు లేదు. టియో ఊపిరి లోపలికి పీల్చాడంతే. తలుపుకూ రాతికీ మధ్య నుంచి చెయ్యి రావడానికి బండిని అడుగు వెనక్కి తోయాల్సి వచ్చింది. జీపు ఆవిడ భర్త, ఆ మోటార్ సైకిలతను కలిసి తోశారు. ఆరిన్ కిందికి దిగాలని చూశాడు. కాలు రాలేదు. రెండు చేతులతో పంట్లాం గుడ్డ పట్టుకుని, బావిలోంచి బిందె లాగినట్టు పైకి లాగాడు. అప్పుడొచ్చింది. నేల మీద పెడితే అది తనది కానట్టు పక్కకు పడింది.

జీపు నడిపే ఆవిడ పరుగెత్తుకొచ్చింది. టియో చేతికి తువ్వాలు చుడుతూ ఆరిన్ వంక చూసింది. ఊరుకు కొత్త మనిషి. ఏది అడగాలో ఏది అడగకూడదో తెలియదు.

"మీ కాలికేమైంది?" అని అడిగేసింది.

ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఆరిన్ టియో చేతి నుంచి కారి మట్టిలో ఇంకుతున్న రక్తాన్ని చూశాడు. ఆవిడ ముఖం చూశాడు.

"బూటు" అన్నాడు. "అడుగు మందం."

టియో రాతికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆవిడ జీపు తేవడానికి అటు వెళ్లాక, కళ్లు తెరవకుండానే అన్నాడు.

"జూన్‌లో తీసిన ప్యాడ్లు నా దగ్గరున్నాయి. కొత్తవాటిలా ఉన్నాయి. వాటినెవరూ తొక్కలేదు."

"తెలిసి ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే ఇంకో షాపుకు పోయేవాడివి. వాడు నీ కాలికి తగ్గట్టు చేసేవాడు కాదు."

"నువ్వు చేశావు."

"చేశాను. చేసి నిన్ను పైకి పంపాను. నేనూ ఎక్కాను." కాస్త ఆగి, "ఆ పాపను దింపుకొచ్చిన రోజు నిద్ర పట్టలేదు" అన్నాడు.

నగరంలో నరాల డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూశాడు. సన్నటి సూదులు గుచ్చి తెర మీద గీతలు చూశాడు. నాలుక బయటపెట్టమన్నాడు, ఆరిన్‌కు అదెందుకో అర్థం కాలేదు. "ఎప్పటి నుంచి?" అని అడిగాడు.

"జూన్" అన్నాడు ఆరిన్.

"మార్చి" అంది వెర్నా.

ఆరిన్ తల తిప్పి ఆవిడ వంక చూశాడు. ముప్పై మూడేళ్ల కాపురంలో అంతసేపు ఎప్పుడూ చూడలేదు. ఆవిడ చేతిసంచి పట్టీ వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. డాక్టరు రోగం పేరు చెప్పాడు. కండరాలకు పోయే నరాలు ఒక్కొక్కటీ చచ్చిపోతాయన్నాడు. కాళ్లు, చేతులు, ఆ తర్వాత మింగడం, ఊపిరి. మందు ఒకటుంది, కొన్ని నెలలు వాయిదా వేస్తుంది. ఎన్నేళ్లని అడిగితే రెండు వేళ్లు చూపబోయి మూడు చూపించాడు. మంచి మనిషి.

దారంతా వెర్నా నడిపింది. గుమ్మం ముందు ఇంజను ఆపి ఆవిడ అంది.

"మా నాన్న సంగతి గుర్తొచ్చి చెప్పలేకపోయాను."

"మీ నాన్నకు తాళాలు ఇచ్చేసి ఉండాల్సింది. వాకిట్లో తిప్పుకునేవాడు."

"నిన్ను వాకిట్లో తిప్పనా?"

"చెర్రీ పైలు లేకుండా చూడు" అన్నాడు ఆరిన్. ఆవిడ నవ్వబోయింది. నవ్వు సగంలో ఇంకోలా మారిపోయి, స్టీరింగు మీద నుదురు ఆనించుకుంది. అతను చెయ్యి వేశాడు. ఆ చెయ్యిలో బలం ఇంకా ఉంది.

టియో చేతికి రెండుసార్లు ఆపరేషన్ చేశారు. ఉంగరపు వేలు, చిటికెనవేలు మళ్లీ ముడుచుకోలేదు. సన్న నట్లు పట్టాలంటే ఆ వేళ్లే కావాలి. "ఎడం చెయ్యుందిగా" అన్నాడు చూడ్డానికి వచ్చిన ఆరిన్‌తో. పచ్చిమిరపకాయల పులుసు ఉన్న గిన్నె ఇద్దరి మధ్యా పెట్టింది టియో భార్య. ఒకడు ఎడమచేత్తో ఒలకబోసుకుంటూ తిన్నాడు. ఇంకొకడు ఒలికింది తుడుస్తూ తిన్నాడు. కాఫీ బల్ల దగ్గర మాత్రం, కనుమ మీద బ్రేకులు ఫెయిలయ్యాయని అనుకున్నారు. టియో చేసిన బ్రేకులు. టియో కాదనలేదు. చూపించడానికి అతని దగ్గర ప్యాడ్లున్నా చూపించలేదు. మూడు వారాల్లో షాపుకొచ్చే బళ్లు సగమయ్యాయి.

అది ఆరిన్ చెవిన పడింది హబ్ నోటి నుంచే. "మంచి పనివాడే, కానీ వయసైపోతోంది. బూస్టర్ పెట్టాడటగా నీకు" అన్నాడు హబ్.

ఆరిన్ కర్ర ఊతంతో ఇంటికి నడిచాడు. నాలుగు వీధుల దూరం, నలభై నిమిషాలు పట్టింది. వంటింట్లోకి వచ్చి, కోటు విప్పకుండానే గోడకున్న ఫోన్ తీశాడు. హబ్‌కు చెప్పడంకంటే ఆర్డిత్‌కు చెప్పడం తేలికనుకున్నాడు. ఆర్డిత్‌కు చెబితే సాయంత్రానికి ఊరంతటికీ చెప్పినట్టే.

"ఆర్డిత్, జాబితాలోంచి నా పేరు తీసెయ్యి."

"విన్నాను నాయనా. బండి బాగా దెబ్బతిందా? ఎన్నాళ్లు పడుతుంది?"

"బండికేం లేదు. బ్రేకులకేం లేదు. ఈ రాష్ట్రంలో అంత మంచి బ్రేకులు లేవు, అది రాసుకో." కర్రను గోడకు ఆనించాడు. "నా కాలు. కుడికాలు పోయింది. ఎడమదీ పోతుందట, తర్వాత మిగిలినవి. మార్చి నుంచి తెలుసు నాకు. తెలిసే నడిపాను. టియో చెయ్యి పోగొట్టింది బ్రేకులు కాదు, నేను."

పొయ్యి దగ్గర వెర్నా గరిటె కదలడం ఆగింది. అవతల ఉన్నది ఆర్డిత్. ఇరవై రెండేళ్లలో అగ్గిలో తగలబడ్డవి, నీళ్లలో మునిగినవి, మంచు కింద కప్పబడిపోయినవి అన్నీ విన్న మనిషి. ఇలాంటి దానికి ఏం జవాబివ్వాలో ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

"సరే ఆరిన్" అంది చివరికి. "కొట్టేశాను. నీ తర్వాత టియో పేరుంది. దాన్ని పైకి తీసుకోనా?"

"టియోదీ కొట్టెయ్యి."

"ఆ తర్వాత ఎవరూ లేరు."

"తెలుసు" అన్నాడు ఆరిన్.

ఆ ఏడు కౌంటీవాళ్లు కనుమ గేటును ఎప్పటికంటే మూడు వారాల ముందే మూసేశారు.